పొత్తు గుండిగ

అవ్వ పోయిందన్న కబురు ఫోన్‌లో చూసినప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ‘పోయిందా! అయితే ఆ గుండిగ సంగతి ఇక తేలదు’ అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ అవ్వ దగ్గర అబద్ధాలు చెల్లేవి కావు, అందుకని ఆవిడ గురించి రాసేటప్పుడైనా ఉన్నది ఉన్నట్టు రాద్దామని.

నేను పుట్టి పెరిగింది మద్రాసు పురసవాక్కంలో. బట్టల కొట్ల వీధి వెనక ఒక సందు, ఆ సందులో ఎదురెదురుగా నాలుగేసి వాటాలు, మొత్తం ఎనిమిది ఇళ్ళ లైను. మధ్యలో వాకిలి, బావి, వరసగా మూడు స్నానాల గదులు. ఎప్పుడో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మిల్లు పనికి వచ్చినవాళ్ళ పిల్లలం, మనవలం మేమంతా. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ.

లైను చివరి గది అవ్వది. రేషను కార్డులో ఏదో పేరు ఉండే ఉంటుంది గానీ మాకందరికీ ఆవిడ సామాన్ల అవ్వ. ఆ గదిలో అవ్వ ఉండేదనడం కన్నా సామాన్లు ఉండేవి, వాటి సందులో అవ్వ సర్దుకునేది అనడం సబబు. మూడు ఇత్తడి గుండిగలు, ఒక రాగి గంగాళం, అండాలు, వెదురు తట్టలు, మనిషి చెయ్యంత పొడుగు గరిటెలు. ఎవరింట్లో పెళ్ళైనా, చావైనా వంట వాటిలోనే. మా తాతల కాలంలో ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళూ అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేసేవారట. అలా పోగైన బియ్యంతో కొన్న సామాన్లు అవి. అందుకే వాటి మీద ఎవరి పేరూ లేదు. మంచినీళ్ళ గ్లాసు మీద కూడా పేరు కొట్టించందే మా వాళ్ళకు తోచదు. అలాంటిది, ఇంతింత గుండిగల మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా రెండే అక్షరాలు: పొత్తు.

అవ్వ అనుమానపు మనిషి. మామూలు అనుమానం కాదు. గది తాళంచెవి గుమ్మం పక్కన మేకుకు అందరికీ కనిపించేలా వేలాడుతుండేది. అది ఏ తాళానిదీ కాదు. అసలు చెవి మజ్జిగ కుండ మూత కింద ఉండేది. ఎవరైనా మేకు మీది చెవి ముట్టుకుంటారేమోనని అవ్వ అరుగు మీద కూర్చొని ఓరకంట చూస్తుండేది. నాకు తెలిసి ఎవరూ ముట్టుకోలేదు. అది కూడా ఆవిడకు అనుమానంగానే ఉండేది.

మనిషి వస్తే ముఖం చూసేది కాదు, కాళ్ళు చూసేది. ఎందుకని ఒకసారి అడిగితే, “ముఖం జూస్తే ఏం తెలస్తాది? అందరూ పౌడరేసుకొనే వస్తారు” అంది. ఏది కనబడినా వేలి కణుపుతో తట్టేది. కొబ్బరికాయను తట్టడం సరే, గోడను తట్టేది, కొత్తగా కొన్న బకెట్టును తట్టేది, పరీక్ష ఫెయిలయిన పిల్లకాయల నెత్తిన తట్టేది. గుండిగ ఇచ్చేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి తట్టి, తల పక్కకు వంచి వినేది. కళాయి పూసేవాడు వస్తే పొద్దున్నుంచీ వాడి ఎదురుగా పీట వేసుకొని కూర్చొనేది. వాడు బీడీ కాల్చుకోవడానికి లేస్తే తనూ లేచేది.

మాటల మీద కూడా అనుమానమే. ఎవరైనా ‘మన లైను, మన సామాను’ అని మొదలుపెట్టారంటే అవ్వ కనుబొమ్మలు ముడిపడేవి. “మన అని రెండు తూర్లు అన్నోణ్ణి నేను నమ్మను. మూడో తూరి నాది అంటాడు” అనేది.

ఆవిడకు ఒక ఖచ్చితమైన పద్ధతి ఉంది. గుండిగ ఖాళీగా గడప దాటకూడదు. ఇచ్చేటప్పుడు తన బియ్యంలోంచి పిడికెడు తీసి అందులో వేసి ఇచ్చేది. తిరిగిచ్చేటప్పుడు మనం అందులో వండినది ఒక గరిటెడు అడుగున ఉంచి ఇవ్వాలి. పప్పైతే పప్పు, అన్నమైతే అన్నం. కడిగి, తుడిచి, తళతళలాడించి, మళ్ళీ అందులో ఒక గరిటెడు. ఆ గరిటెడూ అవ్వ గడప మీద కూర్చొని తినేది. పెళ్ళి పాయసమైనా, దినాల కూడైనా ఆవిడకు ఒకటే. మా లైనులో ఎవరూ ఈ పద్ధతి తప్పేవారు కాదు. అవ్వంటే గౌరవంతో కాదు, నోటికి జడిసి. వెనక మాత్రం అందరం అనుకునేవాళ్ళం, ముసలిది పొయ్యి వెలిగించకుండా బతకడానికి భలే ఉపాయం కనిపెట్టింది అని. ఊరికే గరిటెడు కూటి కోసమే ఇంత కాపలా కాస్తుందా, ఇంకేమైనా ఉందా అని కూడా అనుకునేవాళ్ళం. కళాయి పేరు చెప్పి మందం సామాను పంపించి పలచని సామాను తెస్తోందని మూడో ఇంటి అత్త నమ్మకం. రుజువు ఉందా అంటే, “దాని చూపు చూడలా?” అనేది.

నేను తెలుగు పంతులమ్మను. సర్కారు బడిలో ఏటా పిల్లలు తగ్గిపోతున్న తెలుగు సెక్షన్ నాది. అక్కడ ‘పొత్తు’ అంటే ఏమిటని అడిగితే టీవీ చూసే పిల్లవాడు ఎన్నికలంటాడు. రేపు విడిపోయేవాళ్ళు ఇవాళ సీట్లు పంచుకోవడం. అంతకు మించి వాడికి ఆ మాట వినబడలేదు. ఇంకొకడు ‘పొదువా మిస్?’ అని అరవంలో అడుగుతాడు, అంటే అందరికీ ఉమ్మడిదా అని. వాడే నయం. అరవంలోని పొదు, మన పొత్తు ఒక తల్లి బిడ్డలేనని భాష లోతు తెలిసినవాళ్ళు చెబుతారు. మా పెద్దవాళ్ళ ఊళ్ళలో పొత్తు బావి అంటే ఇద్దరు ముగ్గురు కలిసి తవ్వించుకున్న బావి. పొత్తు గోడ అంటే రెండిళ్ళకూ నడుమనున్న ఒకే గోడ. ఇంతవరకే నాకూ తెలుసు.

పంతులమ్మ ట్రైనింగులో ఉన్న రోజుల్లో, చదువుకున్న పొగరుతో, గుండిగ మీది అక్షరాలు చూపించి అవ్వను అడిగాను. “పొత్తంటే ఏందవ్వా?”

“తినేది” అంది.

“సామాన్లను తింటారా?”

“సామాన్లను ఎవురు తింటారే పిచ్చిదానా! కలిసి కూకోని తినేది. కలిసి తిననోళ్ళకు సామాన్లెందుకు?”

నేను ఈ మాట ట్రైనింగు స్నేహితురాళ్ళకు చెప్పి నవ్వించాను. అవ్వకు ప్రపంచమంతా గరిటెడు కూడే అన్నాను. ఏళ్ళ తర్వాత పాఠం కోసం పెద్ద నిఘంటువు తిరగేస్తుంటే కనబడింది, పాత కావ్యాల్లో పొత్తు కుడవడమంటే ఒక్క కంచంలో కలిసి తినడమని. నాకు సంతోషం కలగలేదు. అక్షరం ముక్క రాని మనిషి నా కన్నా ముందే అక్కడికి ఎలా చేరిందా అని ఒళ్ళు మండింది.

లైను ఖాళీ చేయమన్న సంవత్సరం నాకు ఇరవై మూడేళ్ళు. దానికి ముందటి సంవత్సరమే మా నాయన పోయాడు. ఇంటివాళ్ళు స్థలం అమ్మేశారు, మూడు నెలల్లో వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళేముందు సామాన్లు పంచేసుకోవాలని అందరూ పట్టుబట్టారు. అవ్వ ఒప్పుకోలేదు. “వంతులేస్తే అది పొత్తు గాదు, తుంటలు” అంది. ఎవరు వింటారు? ఒక ఆదివారం పొద్దున అవ్వ గదిలోంచి సామాన్లన్నీ వాకిట్లోకి తెచ్చారు. తెచ్చి చూస్తే అన్నింటికన్నా పెద్ద గుండిగ లేదు. రెండు వందల మందికి అన్నం వండే గుండిగ, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు, అది లేదు.

అవ్వ అమ్మేసిందన్నారు. నేరుగా ముఖం మీదే అన్నారు. చివరిసారి ఆ గుండిగ వాడింది మా ఇంట్లోనే, రెండు వారాల ముందు, మా నాయన సంవత్సరీకానికి. కాబట్టి అందరూ నా వైపు తిరిగారు. నేను తడుముకోకుండా చెప్పాను.

“మేం మర్రోజే ఇచ్చేసినాం. తెల్లారి అమ్మా, గూడూరు మామా చెరో చెవీ పట్టుకోని మోసకపోతా ఉంటే నా కళ్ళతో చూసినా.”

నేను చెప్పింది నిజం. నేను చూశాను. అందుకే నా గొంతు అంత గట్టిగా పలికింది.

అవ్వ నా కాళ్ళ వైపు చూసింది. “చూసినావా?” అంది. “సరి. అందులో ఏముణ్ణింది?”

వాకిలి గొల్లుమంది. గుండిగ పోయి అందరూ గుండెలు బాదుకుంటుంటే ముసలిదానికి ఇప్పుడు కూడా గరిటెడు కూటి గోలే అని. నేనూ నవ్వాను. “అదా అవ్వా ఇప్పుడు అడిగేది? గుండిగ యాడుందో చెప్పు” అన్నాను.

అవ్వ నా కాళ్ళ మీద నుంచి పక్కకు చూపు జరిపి, కాసేపు అక్కడే చూసి తల వంచుకుంది. తప్పు ఒప్పుకుంటున్నట్టే ఉంది. “యాడికీ పోలా. పొత్తులోనే ఉండాది” అంది.

“అయితే చూపించు!”

“చూపించను.”

ఆ మాటతో అయిపోయింది. మూడో ఇంటి అత్త గదిలోకి వెళ్ళి అవ్వ రేకుపెట్టె తెచ్చి వాకిట్లో బోర్లించింది. రెండు చీరలు, ఒక దువ్వెన, మందుల చీటీలు, ఇంకేమీ లేవు. మజ్జిగ కుండ కూడా వంచి చూశారు. నా పక్కన నిలబడ్డ మా అమ్మ మాత్రం, “వొదిలేయండి, పెద్దామె” అంది. అందరిలో మా అమ్మ ఒక్కతే జాలి చూపిందని నాకు గర్వం కలిగింది. మిగిలిన సామాన్లను వంతులు వేశారు. అవ్వ తన వంతు తీసుకోలేదు. ఆ వారమే కోడంబాక్కంలో చెల్లెలి కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల సినిమా వాళ్ళకు దుస్తులు కుట్టేది. మేం పెరంబూరు చేరాం.

అవ్వ మమ్మల్ని వదల్లేదు. ఏడాదికి రెండు మూడు తూర్లు, చెప్పా పెట్టకుండా, రైలెక్కి వచ్చేది. “చుమ్మా వొచ్చినా. రోన్ని నీళ్ళియ్” అనేది. ఊరికే అంత దూరం ఎవరొస్తారు? నీళ్ళు తాగి వంటింటి గుమ్మంలో నిలబడి నాలుగు మూలలూ చూసి వెళ్ళిపోయేది. మొదటి మూడేళ్ళూ అంతే.

నాలుగో ఏడు మా వంటింట్లోకి బియ్యం పోసుకోవడానికి ఇత్తడి గుండిగ ఒకటి వచ్చింది. గూడూరులో మా అమ్మమ్మ పోయాక తన వంతుకు వచ్చిందని అమ్మ చెప్పింది. చెవులు లేని గుండిగ. మెడ దగ్గర అమ్మ పేరు కొట్టించి ఉంది. పసుపు పచ్చగా మెరుస్తూ, చెక్క మూతతో, మూలన కుదురుగా కూర్చుంది. లైనులో నేను చూసిన గుండిగలన్నీ బయట మసితో నల్లగా ఉండేవి. నాకు ఏ అనుమానమూ రాలేదు. నా అనుమానమంతా అవ్వ మీదే ఖర్చయిపోయింది.

అవ్వ వచ్చింది. గుమ్మంలో నిలబడింది. మూలకు వెళ్ళి వేలి కణుపుతో గుండిగను మూడుసార్లు తట్టింది. చెవి ఆనించి వింది. తర్వాత నవ్వింది. అవ్వ నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. ‘ఒకరి వస్తువు చూసి ఏమిటీ నవ్వు, దిష్టి పెడుతోందా’ అనుకున్నాను. “నిండుగా ఉండాది” అంది అవ్వ. అమ్మ పొయ్యి మీదున్న పప్పన్నం గరిటెడు కంచంలో వేసి ఇచ్చింది. అవ్వ గుమ్మంలో కూర్చొని తిని, చెయ్యి కడుక్కొని వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి ప్రతిసారీ అదే తంతు. నీళ్ళు, తట్టడం, గరిటెడు అన్నం. అవ్వ తింటున్నంతసేపూ అమ్మ గోడకు ఆనుకొని నిలబడే ఉండేది. దొంగతనం చేసిన మనిషితో కూర్చోవడం అమ్మకు ఇష్టం లేదనుకున్నాను. అవ్వ వెళ్ళగానే నేను గ్లాసులు లెక్కపెట్టేదాన్ని. ఒక్కటి కూడా ఎప్పుడూ తగ్గలేదు. అయినా లెక్కపెట్టడం మానలేదు.

ఇక మొన్నటి సంగతి. అవ్వ పోయిందని ఫోన్ చూసి అమ్మకు చెప్పాను. అమ్మకు డెబ్భై దాటాయి, కానీ చురుకే. “ఆ గుండిగ తీసకపోయి మార్చేసేయ్” అంది. “పెద్ద కుక్కరు తీసకో. ఈ బరువు ఇంక నేను కడగలేను.”

ఇన్నాళ్ళూ లేని బరువు ఇవాళే ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. కానీ అవ్వ దగ్గర పెరిగినదాన్ని గదా, కాళ్ళు చూశాను. అమ్మ కాలి బొటనవేలితో నేల రాస్తోంది.

శనివారం బియ్యం గోనెలోకి వంపి, ఆటో అతని సాయంతో గుండిగను ఎక్కించుకొని పురసవాక్కం వెళ్ళాను. పాత్రల కొట్టాయన దాన్ని అటూ ఇటూ దొర్లించి, చెవులుండిన చోట అతుకులు చూపించి గొణిగాడు. కొట్టు మెట్ల మీద పాత్రలకు పేర్లు కొట్టే ఆయన్ను పిలిచి చూడమన్నాడు. నడివయసు మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకొని వచ్చాడు. అమ్మ పేరున్న చోట బొటనవేలితో రాసి, నోటి ఆవిరి ఊది, మళ్ళీ రాశాడు.

“ఇది రెండో పేరమ్మా” అన్నాడు అరవంలో. “దీని కింద ఇంకోటి ఉండింది. అరగదీసేసి పైన ఇది కొట్టారు.”

“మా అమ్మమ్మ పేరై ఉంటుంది” అన్నాను.

“ఏమో. మీ తెలుగు నేను చదవలేను. మీరే చూడండి.” నా చెయ్యి పట్టుకొని గుండిగ లోపలికి పెట్టాడు. “పేరు తీసేయాలనుకునేవాళ్ళు బయటే అరగదీస్తారు. ఉలి దెబ్బ లోపలి వైపు పొడుచుకొస్తుంది. అది ఎవరూ పట్టించుకోరు.”

వేలికి చిన్న చిన్న బొడిపెలు తగిలాయి. అక్షరాలు తిరగేసి ఉన్నాయి, కుడి నుంచి ఎడమకు. ముప్పై మంది పిల్లల చేత ఏటా అక్షరాలు దిద్దించే వేలు అది. దానికి చదవడానికి ఎంతో సేపు పట్టలేదు. పొ. తర్వాత తు, కింద త ఒత్తు.

ఆ మెట్ల మీద నాకు అవ్వ అడిగిన ప్రశ్న వినబడింది. అందులో ఏముణ్ణింది?

ఏమీ లేదు. ఆ తెల్లవారుజామున అమ్మా, మామా చెరో చెవీ పట్టుకొని మోసుకెళ్ళిన గుండిగ ఖాళీగా ఉంది. నేను చూశాను. అడుగున అన్నం లేదు, పప్పు లేదు. మా లైనులో పుట్టినవాళ్ళెవరూ అవ్వ గదికి ఖాళీ గుండిగ తీసుకెళ్ళరు. ఖాళీగా వెళ్ళిందంటే అది అవ్వ గదికి వెళ్ళలేదు. సందు చివర మామ ఆటో నిలబెట్టుకొని ఉండడం కూడా చూశాను, గూడూరు రైలుకని అనుకున్నాను. కళ్ళతో చూసి కూడా, అంతమందిలో గట్టిగా సాక్ష్యం చెప్పి, అవ్వ రేకుపెట్టెను వాకిట్లో బోర్లించిన దాన్ని నేను. మూడో ఇంటి అత్తవి చేతులు మాత్రమే.

కొట్టాయన ఇంకా ఏదో చెబుతున్నాడు. గుండిగ తీసుకొని ఇంటికొచ్చేశాను.

అమ్మ తలుపు తీసి, ఆటో అతనితో కలిసి నేను గుమ్మంలో దించిన గుండిగను చూసి, కుర్చీలో కూర్చుంది.

“తెలిసిపోయిందా?” అంది.

“ఎందుకమ్మా?”

“మీ నాయన పాయె. ఇల్లు పోతా ఉండాది. చేతిలో ఏమీ లేదు. ఏదో ఒకటి, పెద్దది, నాదని ఉండాల అనిపించింది. ఆశ పుట్టింది, తీసుకున్నా.” అమ్మ ఏడవలేదు. చాలాకాలం ముందే ఏడ్చి ఊరుకున్న మనిషిలా చెప్పింది. “ఆమెకు ఆ పొద్దే తెలుసు. వాకిట్లో నా కాళ్ళే చూసింది.”

“మరి చెప్పలేదెందుకు?”

“చెప్పుంటే మొగుడు పోయినదాన్ని, ఎదిగిన బిడ్డతో ఆ వాకిట్లో ఎట్ట నిలబడతా? నీకు సంబంధాలు ఎవురు తెస్తారు?” అమ్మ గుండిగ వైపు చూసింది. “నేనొక తూరి అడిగినా ఆమెను. తిని చెయ్యి కడుక్కుంటా ఉంటే, ఎందుకు చెప్పలేదవ్వా అని. పొత్తు సామాను పొత్తోళ్ళ ఇంట్లోనే ఉండాది, పగిలిపోలా, కరిగిపోలా, చూసుకుంటా ఉంటే చాలు అనింది.”

ఇరవై ఏళ్ళు అవ్వ మమ్మల్ని చూడటానికి రాలేదు. సామాను చూసుకోవడానికి వచ్చింది. గది పోయింది, తాళం పోయింది, పేరు చెడిపోయింది, కాపలా మాత్రం మానలేదు. నేను వంటింటి గట్టు పట్టుకొని ఏడ్చాను. ఆవిడ వెళ్ళాక లెక్కపెట్టిన గ్లాసులన్నీ ఎదురుగా వరసగా బోర్లించి ఉన్నాయి.

పదహారో దినం భోజనానికి కోడంబాక్కం రమ్మని పిలుపు వచ్చింది. లైనువాళ్ళంతా వస్తున్నారని కూడా ఫోన్‌లో రాశారు. నేను గుండిగ తీసుకెళ్తానన్నాను. నిన్ను బయటపెట్టకుండా ఎక్కడో దొరికిందని చెబుతాలే అన్నాను. అమ్మ గోనెలోని బియ్యం మళ్ళీ గుండిగలోకి వంపడం మొదలుపెట్టింది. “ఖాళీగా ఎట్ట తీసకపోతావు?” అంది. తర్వాత చీర మార్చుకొని వచ్చింది.

ఆటో డ్రైవరు మాతో పాటు చెయ్యి వేసి గుండిగను లోపలికి ఎక్కిస్తూ, “ఎన్నమ్మా, కల్యాణమా?” అన్నాడు. అమ్మ చెక్క మూత సర్ది ఎక్కింది.

కోడంబాక్కంలో ఆ సన్న సందులో షామియానా వేశారు. కేటరింగువాళ్ళు తెచ్చిన స్టీలు పాత్రల్లో వంటలు సిద్ధంగా ఉన్నాయి. మూడో ఇంటి అత్త ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తోంది. కూర్చొని పక్కవాళ్ళతో అంటోంది, “పావం, మంచిదే. ఆ గుండిగ పని ఒక్కటి చేయకుండా ఉణ్ణింటే...”

మేం గుండిగను తెచ్చి ఆవిడ ముందు దించాం. ఎవరూ గుర్తుపట్టలేదు. నేను నోరు తెరిచేలోపు అమ్మ చెప్పింది.

“అదే గుండిగ. ఆమె చేయలా. నేను చేసినా.”

కేటరింగు పిల్లలు అరిటాకులు పరుస్తూనే ఉన్నారు. అందరూ అమ్మ ముఖం చూస్తున్నారు. నేను కాళ్ళు చూశాను. బొటనవేలు నేల రాయడం లేదు. అత్త కర్ర ఊతంతో లేచింది. కొడుతుందేమోనని నేను ముందుకు జరిగాను. ఆవిడ గుండిగ దగ్గరికి వచ్చి, బియ్యంలో చెయ్యి పెట్టి, మెడ లోపలి వైపు తడిమింది. ఆవిడకు చదువు రాదు. ఏం చదివిందో తెలియదు. “దాని పెట్టె నేను బోర్లించినా” అని మాత్రం అంది, ఎవరితోనో కాదు, గుండిగతో.

తర్వాత మామూలు గొడవ మొదలైంది. అమ్మేసి పంచుకుందామన్నారు ఒకరు. గుడికిద్దామన్నారు ఇంకొకరు. తుంటలు చేస్తే అది పొత్తు కాదని అమ్మ అంటే, దొంగిలించినదానివి నువ్వా చెప్పేది అని ఎవరో విసిరారు. అమ్మ తల వంచుకొని ఆ మాట పడింది. సరే ఎవరింట్లో పెడతారంటే ఎవరి ఫ్లాటులోనూ చోటు లేదు. అవ్వ చెల్లెలి కూతురి గదిలో కుట్టుమిషన్‌కే చోటు చాలదు.

చివరికి అమ్మే అంది. “మా ఇంట్లోనే ఉండనీండి. నా పేరు తీసేయిస్తా. ఎవురికి అనుమానమొస్తే వాళ్ళు ఎప్పుడైనా రాండి. నీళ్ళు తాగి, తట్టి చూసుకోని పోండి.”

నమ్మకం ఎవరికీ కుదరలేదు. అందుకే ఒప్పుకున్నారు.

మరుసటి ఆదివారం పదకొండు గంటలకు తలుపు చప్పుడైంది. మూడో ఇంటి అత్త. ఆటోలో వచ్చింది, మెట్లెక్కి రొప్పుతోంది. “చుమ్మా వొచ్చినా” అంది. నీళ్ళు తాగి, వంటింట్లోకి వెళ్ళి, కర్రతో కాదు, వేలితోనే గుండిగను తట్టింది. ఆవిడ వెళ్ళాక నేను గ్లాసులు లెక్కపెట్టాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒక్క వారంలో ఎక్కడికి పోతుంది? కానీ అది తర్వాత. ముందు అమ్మ గరిటెడు అన్నం కంచంలో వేసి అత్త ముందు పెట్టింది. పెట్టి గోడకు ఆనుకోబోయి, ఆగి, ఇంకో గరిటెడు అదే కంచంలో వేసుకొని ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. ఇరవై ఏళ్ళలో అవ్వ తింటున్నప్పుడు అమ్మ ఒక్కసారి కూడా కూర్చోలేదు.